జారుబండ దగ్గర ఆగే పరుగు

ఈతమానువలస నుంచి తుంగగెడ్డకు ఇప్పుడు తారు రోడ్డు ఉంది. ఆటోలో వెళ్తే అరగంట. అయినా చైత్ర పౌర్ణమి నాటి ఉదయం ఆ రోడ్డు మీద ఒక్క ఆటో కూడా కనిపించదు. రెండు ఊళ్ళ జనమూ పాతదారి పడతారు. ఆ దారి పొడవు పద్నాలుగు కిలోమీటర్లు. మొదట పొలం గట్ల మీదుగా సాగి, ఇప్పచెట్ల అడవిలో దూరి, అక్కడి నుంచి బండల మీదుగా సన్నేటి లోయలోకి దిగి, ఏటిని దాటి, ఒడ్డు వెంబడే తుంగగెడ్డ చేరుతుంది. మామూలు రోజుల్లో పోలీసు ఉద్యోగాలకు సాధన చేసే పిల్లలు ఈ దారిలోనే పరిగెడతారు. పట్నం నుంచి ఖరీదైన బూట్లు వేసుకుని వచ్చేవారూ ఉన్నారు.

అడవి అయిపోయి లోయ మొదలయ్యే చోట జారుబండ ఉంది. దాని పక్కనే పరుగుతల్లి గుడి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నడుమెత్తు రాతిగోడ, ఒక తలుపు, లోపల నల్లరాతి విగ్రహం, అంతే. అమ్మవారి పాదాలు తుంగగెడ్డ వైపు పరుగెడుతుంటాయి. ముఖం మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. కుడిచెయ్యి ఎవరికో అందిస్తున్నట్టు కిందికి చాచి ఉంటుంది. తొలిసారి వచ్చినవారు ఇది శిల్పి పొరపాటేమో అనుకుంటారు. పొరపాటు శిల్పిది కాదు.

పూర్వం ఇక్కడ ఈ అడవికీ లోయకూ పొలిమేర లేదు. రెండు ఊళ్ళ పశువులూ కలిసే మేసేవి, సన్నేటిలో కలిసే నీళ్ళు తాగేవి. వానలు వరసగా రెండేళ్ళు మొహం చాటేయడంతో తగువులు మొదలయ్యాయి. ఈతమానువలసలో బావులన్నీ ఎండిపోయాయి. ఏరు మాదంటే మాదని కర్రలు లేచాయి, తలలు పగిలాయి. అప్పుడు ఈతమానువలస పెద్ద సూరినాయుడు తనకు అమ్మవారు కలలో కనిపించిందన్నాడు. కర్రలతో కాదు, కాళ్ళతో తేల్చుకోమని ఆమె సెలవిచ్చిందట. కల ఆయనకే వచ్చింది కనుక దానికి సాక్షి కూడా ఆయనే. తుంగగెడ్డ పెద్దలు సరేనన్నారు.

ఒప్పందం ఇది. చైత్ర పౌర్ణమి నాడు తొలి కోడి కూయగానే ఊరికొకరు పరుగు మొదలుపెట్టాలి. దారిలో ఎదురుపడి, చేతిలో చెయ్యి వేసుకున్న చోట పొలిమేర రాయి పాతాలి. వేగంగా పరిగెత్తినవారి ఊరికి ఎక్కువ నేల వస్తుంది. పెద్దమనుషులంతా కూర్చుని ఆలోచించిన ఈ ఏర్పాటులో, ఇద్దరిలో ఒకరు పడిపోతే ఏం చెయ్యాలన్న ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.

ఈతమానువలసలో కుర్రాళ్ళు నడుముకు గుడ్డలు బిగించుకుని ముందుకొచ్చారు. మేకలు కాసే తవిటమ్మ కూడా వచ్చి నిలబడింది. మేకల వెనక తిరగడం కాదే ఇది అని వాళ్ళు ఎగతాళి చేశారు. తన మందలోని గొడ్డు మేకను వదిలి, దాన్ని పట్టుకున్నవాడే పరిగెత్తాలని ఆమె పందెం కట్టింది. పొద్దు వాలేదాకా ఒక్కడికీ అది చిక్కలేదు. తవిటమ్మ మాత్రం రెండో గట్టు దాటకుండానే దాన్ని చెవి పట్టుకుని తీసుకొచ్చింది. అలా ఈతమానువలస తరఫున ఆమె నిలబడింది.

తుంగగెడ్డ తరఫున నిలబడింది ఆదెమ్మ. ఆమె కూడా మేకల కాపరే. ఆ ఇద్దరూ చిన్నప్పటి నుంచి లోయలో ఒకే నీడన కూర్చుని అంబలి తాగినవారు. ఒకరి మేక తప్పిపోతే మరొకరు వెతికి తెచ్చేవారు. ఎవరి ఏరన్న మాట వాళ్ళ మధ్య ఎన్నడూ రాలేదు.

పరుగు రోజున సూరినాయుడు తవిటమ్మకు బొట్టు పెట్టి, పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు.

"ఏరు దాటీదాకా సెయ్యి ఇయ్యకు తల్లీ. ఏరు ఇవతల ఇచ్చినావంటే మన గొడ్లు దాహంతో సచ్చిపోతాయి. ఎవులు పిలిసినా పలక్కు."

కోడి కూసింది. తవిటమ్మ పొలం గట్లు దాటి అడవిలో పడింది. ఇప్పపూలు రాలే కాలం. పూలు కాళ్ళ కింద నలుగుతున్నా ఆమె తల దించి చూడలేదు. ఆరు కిలోమీటర్లు వచ్చి జారుబండ చేరేసరికి తూర్పు తెల్లబడింది. అక్కడ కింది బండల మధ్య నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు.

ఆదెమ్మ. ఆమె అప్పటికే ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి, ఏరు దాటి, లోయ ఎక్కేసింది. పందెం లెక్కన చూస్తే గెలిచింది ఆమే. మలుపు తిరగకుండా అడ్డంగా బండ ఎక్కబోయి కాలు జారింది. తొడ ఎముక విరిగి, దారికి పది బారల దిగువన, రక్తం కారుతూ పడి ఉంది.

"ఒలే తవిటీ, నెగనేకపోతన్నానే. సెయ్యియ్యవే."

తవిటమ్మకు ఆ పిలుపు వినపడలేదని ఈ మధ్య కొందరు పెద్దలు చెబుతున్నారు. ఎదురుగాలి వీచిందంటారు. అమ్మవారే ఆమె చెవులు మూసిందని ఇంకొందరంటారు. దయచేసి భక్తులు ఆ మాటలు నమ్మవద్దు. ఆమెకు వినపడింది. వినపడకపోయి ఉంటే ఇక్కడ గుడి కట్టవలసిన అవసరమే లేదు.

చెయ్యి అందిస్తే అక్కడే పొలిమేర. ఏరు మొత్తం తుంగగెడ్డకు పోతుంది. అందించకపోతే స్నేహితురాలు అలాగే పడి ఉంటుంది. తవిటమ్మ ఆగకుండానే తల వెనక్కి తిప్పింది. మీ ఊరోళ్ళని పంపుతాను, బేగి వచ్చేస్తానని కేకవేసి లోయలోకి దిగిపోయింది. తాను చేస్తున్నది కూడా సాయమేనని అప్పుడామె నమ్మింది. పిలిచినవారిని దాటిపోయే ప్రతివారూ ఏదో ఒకటి అలాగే నమ్ముతారు.

తుంగగెడ్డ రచ్చబండ దగ్గరికి చేరి, ఆయాసంతో జరిగింది చెప్పింది. అక్కడా అదే బుద్ధి. ఆదెమ్మ పడింది ఏరు ఇవతలా అవతలా అని మొదట అడిగారు. అవతలే అంటే, చెయ్యి వెయ్యకుండా వచ్చిన పరుగు చెల్లదని ఒకరన్నారు. చెల్లకపోతే పందెం మళ్ళీ పెట్టాలా అని ఇంకొకరు లేచారు. మనం మంచం పట్టుకుని వెళ్తే ఓడిపోయామని ఒప్పుకున్నట్టు కాదా అని తుంగగెడ్డ పెద్ద సందేహపడ్డాడు. ఎండ ఎక్కుతోంది. తవిటమ్మ ఒక్కొక్కరి కాళ్ళూ పట్టుకుంటోంది. ఆ గుంపును తోసుకుని ఆదెమ్మ తల్లి ముందుకొచ్చింది. పొలిమేర గురించి ఆమె అడగలేదు.

"దానికి గుక్కెడు నీల్లయినా ఇచ్చినావేటే?"

తల్లి కుండ ఎత్తుకుని ఒక్కతే బయలుదేరింది. అప్పుడు సిగ్గుపడి మిగిలినవారు మంచం ఎత్తారు.

వారు జారుబండ చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. అటునుంచి సూరినాయుడూ ఆయన మనుషులూ కూడా వచ్చారు. ఆదెమ్మ పడిన చోట లేదు. విరిగిన కాలిని ఈడ్చుకుంటూ ఆ పది బారలూ పాకి దారి మీదికి వచ్చింది. వచ్చి, అక్కడే ప్రాణం విడిచింది. ఒక చెయ్యి దారికి అడ్డంగా చాచి ఉంది.

తవిటమ్మ పక్కన కూర్చుని ఆ చేతిలో తన చెయ్యి వేసింది. ఇదే మన పొలిమేర, ఇక్కడే రాయి పాతండి అంది. సూరినాయుడు మండిపడ్డాడు. తుంగగెడ్డ దాకా మన కాలు పడింది, ఏరు మనది, చచ్చినదాని చేతిలో చెయ్యి వేస్తే లెక్కలోకి రాదన్నాడు.

"సెయ్యి ఏసిన సోటే గట్టు అన్నావు. బతికున్న సెయ్యే ఉండాలని నువ్వు అన్నేదు నాయుడా. అంటే నాను అప్పుడే ఆగిపోదును."

సూరినాయుడు రాయి పాతించకుండానే వెనుదిరిగాడు. గెలిచిన తుంగగెడ్డవారు కూడా రాయి పాతడానికి ముందుకు రాలేదు. ఆదెమ్మను ఊరికి మోసుకుపోయారు. తవిటమ్మ మాత్రం అక్కడి నుంచి కదలలేదు. ఇంటివారు అన్నం తెస్తే ముట్టలేదు. మూడోనాడు వచ్చి చూస్తే మనిషి లేదు, ఇప్పుడు మనం పూజిస్తున్న ఈ నల్లరాతి రూపం ఉంది.

ఈసారి కల పెద్దలెవరికీ రాలేదు. ఆదెమ్మ తల్లికి వచ్చింది. ఆ కలలో తవిటమ్మ ఇంకా పరిగెడుతూనే ఉంది. జారుబండ వచ్చిన ప్రతిసారీ వెనక్కి చూస్తోంది, కానీ కాళ్ళు ఆగడం లేదు. నన్ను ఆపడం ఇక నీ వల్ల కాదమ్మా, నా వెనక వచ్చేవారినైనా ఇక్కడ ఆపు అని వేడుకుంది. కూతుర్ని వదిలిపోయినదాన్ని ఆ తల్లి క్షమించిందో లేదో ఈ పురాణంలో లేదు. మరునాడు ఉదయం మాత్రం ఆమె నీళ్ళకుండతో వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. అప్పటి నుంచి ఆమె ఇంటి ఆడవాళ్ళే ఈ గుడికి పూజారులు. అడవికీ లోయకూ ఏటికీ ఈనాటివరకూ పొలిమేర రాయి పడలేదు. ఏ ఊరి గొడ్డు వచ్చినా నీళ్ళు తాగి వెళుతుంది.

చైత్ర పౌర్ణమి పరుగుకు బహుమతులు లేవు. ఎవరు ముందు చేరారో ఎవరూ రాయరు. రెండు ఊళ్ళవారూ ఎదురెదురుగా పరిగెత్తి వచ్చి జారుబండ దగ్గర ఆగుతారు. కొత్తవారైనా సరే, ఎదురుపడిన మనిషి చెయ్యి పట్టుకుని బండ ఎక్కిస్తారు. పొలం గట్ల తగవులున్న అన్నదమ్ములు ఇక్కడ చేతిలో చెయ్యి వేసుకుని రాజీ పడితే ఆ మాట నిలుస్తుందని నమ్మకం. విరిగిన ఎముకలు కూడుకున్నవారు వచ్చి కొత్త కుండతో నీళ్ళు పోస్తారు. వేగం కోసం మొక్కుకునేవారూ వస్తుంటారు. అమ్మవారు ఆ వరం ఇచ్చిన దాఖలా ఇంతవరకు లేదు.

తీర్థం ఇచ్చే ముందు పూజారమ్మ ప్రతివారినీ ఒకటే అడుగుతుంది: దారిలో ఎవరైనా పిలిచారా? పిలవలేదన్నవారికి వెంటనే తీర్థం ఇస్తుంది. పిలిచారు కానీ ఆగలేదన్నవారిని ఆమె తిట్టదు. నీళ్ళచెంబు చేతికిచ్చి వెనక్కి పంపుతుంది. వెళ్ళి, ఆ పిలిచినవారిని చూసి, వారికి నీళ్ళు తాగించి రావాలి. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు. వారు తిరిగి వచ్చేదాకా ఆమె గుడి తలుపు వెయ్యదు.