చెంచమ్మ బొగ్గుల బట్టీ

కేశవులు ఆశ్రమంలో చేరి తొమ్మిదేళ్లయింది. కోపం మాత్రం అతన్ని వదల్లేదు. ఒకనాడు వంటశాలలో ముసలి వంటాయన మీద నోరు పారేసుకున్నాడు. ఆ తర్వాత సిగ్గుతో కుమిలిపోతూ గురువు పూర్ణానందస్వామి ముందు కూర్చుని, "స్వామీ, ఈ కోపాన్ని పిసరంత కూడా మిగలకుండా కాల్చేసే దారి చెప్పండి" అని అడిగాడు.

స్వామి అతన్ని ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి, బొగ్గులు కాల్చే చెంచమ్మకు అప్పగించి, వారం రోజులు ఈమెకు సాయంగా ఉండమని చెప్పి వెళ్లిపోయారు.

భర్త పోయాక బట్టీ పని చెంచమ్మ ఒక్కతే చూసుకుంటోంది. ఎండాకాలమంతా తుమ్మ కంప కొట్టి ఎండబెట్టింది. దాన్ని నిలువెత్తు గుట్టగా పేర్చి, గడ్డి కప్పి, పైన తడిమట్టి మెత్తింది. తొలకరికి ముందే నాగలి కర్రులు సాగదీయాలని నాలుగూళ్ల కమ్మరులు ఈ బొగ్గు కోసమే కాచుకుని ఉన్నారు. కేశవులు వెళ్లిన రోజే ఆమె బట్టీ అంటించింది. అప్పట్నుంచీ దాని చుట్టూ తిరుగుతూ, మట్టి మీద అరచెయ్యి ఆనించి వేడి చూస్తూ, పొగ వాసన పడుతూ ఉండేది. తెల్లటి పొగ కట్టెలోని తడి అనీ, అది పలచబడి నీలంగా మారితే గాలి కోసం అడుగున వదిలిన కన్నాలు మూసేయాలనీ అతనికి చెప్పింది.

మూడో రోజు పొద్దున చెంచమ్మ నీళ్లకని ఏటికి దిగింది. అప్పటికి పొగ సన్నబడింది. నిప్పు ఆరిపోతోందేమోనని కేశవులు కంగారుపడ్డాడు. మేలు చేస్తున్నాననుకుని గడ్డపారతో ఒక కన్నాన్ని పెద్దది చేశాడు. బట్టీ ఒక్కసారిగా గాలి పీల్చుకుంది. పైన మట్టి పగిలి, చేతి పొడవు మంట లేచింది.

చెంచమ్మ బిందె అక్కడే వదిలేసి పరుగున వచ్చింది. తడి గోనెపట్టా పరుచుకుంటూ కాలిపోతున్న ఆ గుట్ట ఎక్కి, పిడికిళ్లతో బురద కూరింది. మధ్యాహ్నం దాకా కేశవులు బురద మోస్తూనే ఉన్నాడు. ఆమె తిట్టే తిట్ల కోసం ఎదురుచూశాడు. పగుళ్లన్నీ పూడ్చాక చెంచమ్మ దిగివచ్చి, బొబ్బలెక్కిన పాదాలు నీళ్లలో పెట్టుకుని నెమ్మదిగా అంది.

"మంట బయట కనపడిందంటే లోపల బూడిదవతా ఉన్నట్టే సామీ. కట్టెలో పచ్చిదనం పోవాల. కట్టె పోకూడదు."

ఆ గొంతులో విసుగైనా లేదు. ఆమె స్థానంలో తానుంటే ఏం చేసేవాడో కేశవులుకు తెలుసు. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు.

నాలుగు రోజులకు బట్టీ చల్లారింది. విప్పితే, అతను పొడిచిన పక్క తట్టెడు బూడిద తప్ప ఏమీ లేదు. మిగతాదంతా నల్లగా నిగనిగలాడుతోంది. చెంచమ్మ రెండు బొగ్గులు తీసి ఒకదానికొకటి కొడితే కంచులా మోగాయి. కమ్మరి వచ్చి ఒకటి రాజేసి చూశాడు. పొగన్నది లేకుండా ఎర్రగా కణకణలాడింది. ఈసారి బొగ్గు కాస్త తగ్గిందేమని అతను అడిగితే, ఆమె కేశవులు వైపు చూడకుండానే, గాలి ఎక్కువైందని చెప్పి ఊరుకుంది.

కేశవులు ఆమె పాదాలకు మొక్కి ఆశ్రమానికి తిరిగొచ్చాడు. జరిగిందంతా దాచకుండా గురువుకు చెప్పాడు.

"నువ్వు మిగలకుండా కాల్చే దారి అడిగావు" అన్నారు స్వామి. "ఆవిడ వారమంతా కాపలా కాసింది, మిగలడం కోసం."