దారిచ్చిన పటం

ఓబన్న ఊరూరా బొమ్మల పటం విప్పి కథ చెప్పేవాడు. రాజుగారి విజయయాత్రను సభలో చూపించమని అతనికి కబురొచ్చింది. ఆ పని తన బావమరిదికి దక్కలేదని మంత్రి విశ్వంభరుడికి కడుపుమంట. అందుకే ఓబన్నను పిలిచి షరతు పెట్టాడు.

"ఊరేగింపు అడ్డంగా సాగాలి, రాజుగారు నిలువెత్తున కనబడాలి. రెండూ ఒకే కథలో రావాలి. రాజుగారిని కుదించినా, మడిచినా, పడుకోబెట్టినా నువ్వు రాజ్యం వదిలిపోవాలి."

ఓబన్న పటం ఎత్తు మూడు జానలు. అందులో నిలువెత్తు రాజుగారు తొడల దాకానే పడతారు. అతని భార్య సుంకమ్మ ఆ రోజే మూటలు కట్టేసింది.

సభలో భార్యాభర్తలు చెరో కొస పట్టుకుని పటం విప్పారు. ఏనుగులు, గుర్రాలు, పల్లకీలు వరసగా సాగిపోయాయి. "అదిగో, రాజుగారు వస్తున్నారు" అంటూ ఇద్దరూ పటాన్ని నేలకు దించేశారు. ఓబన్న తాడు లాగాడు. పై దూలానికి చుట్టి ఉన్న మరో పటం జారి, నిలువెత్తు రాజుగారు కనిపించారు.

"ఇవి రెండు పటాలు. రాజుగారు ఊరేగింపులో లేరు" అన్నాడు మంత్రి.

"రాజుగారిని గుర్రాల వరసలో నిలబెట్టడానికి నాకు చేతులు రాలేదు అయ్యగారూ. ఆయన వస్తే ఊరేగింపంతా వంగి దారివ్వాలనుకున్నాను. వద్దంటే చెప్పండి, ఊరేగింపును పైకెత్తి రాజుగారికి అడ్డం పెడతాను."



రాజుగారు నవ్వారు. "ఏనుగులు కూడా వంగాయి మంత్రిగారూ, మీరొక్కరే ఇంకా నిలబడి ఉన్నారు."

ఇంటికి రాగానే సుంకమ్మ మూటలు విప్పింది, ముందుగా బియ్యం మూట.