గుమ్మం పట్టని మంచం

అనగనగా, ఎండాకాలం తలుపులకి పనుండని రోజుల్లో, ఊడుగులపాలెం అని ఓ ఊరుండేది. ఆ ఊళ్లో పోలయ్య అని ఓ మంచాలల్లేవాడు ఉండేవాడు. ఈ కథ చెప్పేవాడికి మంచం అల్లడం రాదు, అల్లిన మంచాన్ని కుంగదీయడం మాత్రం బాగా వచ్చు. కాబట్టి పనితనం సంగతి వదిలేసి మనిషి సంగతి చెప్పుకుందాం.

పోలయ్యకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, తలుపు లేదు. పాడుబడ్డ కొట్టం అరుగే ఇల్లు. ఎవరింట మంచం అల్లితే ఆ పూట వాళ్ళింట ముద్ద.

ఎండలు ముదిరాయంటే చాలు, ఊళ్లో మంచాలన్నీ వీధిలోకొచ్చేవి. పోలయ్యకి అదే పండగ. ఈ చివరి మంచం మీద పుట్టిన కబురు ఆ చివరి మంచం చేరేసరికి దానికి కొమ్ములూ తోకా మొలిచేవి. రత్తమ్మా, ఆవిడ తోడికోడలు మంగమ్మా కూడా మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ ఉమ్మడి గోడ మీది సొరపాదు దగ్గర పాత తగువు. అయినా పక్కపక్క మంచాల మీద పడుకుని ఎంతకాలమని మూతి ముడుచుకుంటారు?

వానొస్తే మంచాలు లోపలికి, వెలిస్తే బయటికి. అలా వానలూ వెనకబట్టి, రెల్లు పూసి, ఆశ్వయుజం వచ్చేది. ఓ సాయంత్రం రత్తమ్మ చెంగు నెత్తిన కప్పుకుని కేకేసేది.

"మంచు పడతందర్రోయ్!"

అంతే. మంచాలు లోపలికి. తలుపు ధడ్. గడియ ఖణ్. వీధి గప్‌చుప్.

మళ్ళీ ఎండలు ముదిరేదాకా పోలయ్య మాటలు వినడానికి వీధికుక్క ఒక్కటే మిగిలేది. అదీ సగం వినేసరికి బూడిదగుంటలో దూరి పడుకునేది.

ఓ యేడు పోలయ్యకి దగ్గు పట్టుకుంది. వానలు పోయినా దగ్గు పోలేదు.

"ఈ చలి దాటతానో లేదోరా," అన్నాడు కుక్కతో. "దాటకపోతే మానె. ఈ గప్‌చుప్‌లో పోవడం మాత్రం నా వల్ల కాదు."

సరిగ్గా అప్పుడే రత్తమ్మ కబురంపింది.

"మనవలు ముగ్గురూ నా పక్కలోనే పడుకుంటారంట పోలయ్యా. వెడల్పుగా ఓ మంచం అల్లిపెట్టు."

"ఎంత వెడల్పమ్మా?"

"నీ ఇష్టం."

పోలయ్య తన ఇష్టప్రకారమే చేశాడు. వీధిలోనే మంచంకోళ్ళూ పట్టెలూ బిగించి, వీధిలోనే నులక అల్లాడు. మంచం చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. అది మంచమా, వడ్లు నూర్చే కళ్ళమా?

మంచు పడింది. రత్తమ్మ కేకేసింది. మంచాలన్నీ లోపలికి పోయాయి, కొత్తది తప్ప. వెల్లకిలా తోశారు, పట్టలేదు. పక్కకి తిప్పారు, పట్టలేదు. కోళ్ళు ముందు పెట్టి లాగారు, గుమ్మం పెచ్చు ఊడింది గానీ మంచం పట్టలేదు.

"నీ కళ్ళు దూడలు మేశాయా పోలయ్యా?" అంది రత్తమ్మ.

"మంచం కొలిచానమ్మా. గుమ్మం కొలవడం మరిచాను."

"అయితే విప్పు!"

"తడి నులక విప్పితే తెగుద్ది తల్లీ. ఆరనీండి."

మధ్యాహ్నానికి ఆరేది. ఆ వేళకి పోలయ్యకి దగ్గు ముంచుకొచ్చేది. దగ్గు తగ్గేసరికి మళ్ళీ మంచు పడేది.

కొత్త మంచం కదా, వదిలేస్తే మేకలెక్కుతాయని రత్తమ్మ దుప్పటి కప్పుకుని దాని మీదే కూర్చుంది, వేరుశనక్కాయలు ఒలుస్తూ. పక్క తలుపు కిర్రుమంది.

"గుమ్మం పట్టని మంచం మా అక్కకి కాక ఇంకెవరికి దొరుకుద్దీ!" అంది మంగమ్మ.

"నోరు పట్టని మాటలు నువ్వు మాట్లాడితే తప్పు లేదు గానీ, రా, కూర్చో. కాళ్ళు చల్లబడిపోతన్నాయి."

మంగమ్మ కూర్చుంది. మర్నాడు ఉడకేసిన చిలగడదుంపలు తెచ్చింది. ఆ మర్నాడు దుంపల వాసనకి ఎదురింటివాళ్ళొచ్చారు. తర్వాత తర్వాత ఊరే వచ్చింది. మంచం కింద కుంపటి, మంచం మీద జనం. అట్లతద్దికి ఆడపిల్లలు గోరింటాకు అక్కడే పెట్టుకున్నారు. కబుర్లకి కొమ్ములూ తోకతో పాటు ఈసారి రెక్కలూ మొలిచాయి. అరుగు మీంచి పోలయ్య దగ్గుకి దగ్గుకి మధ్య నవ్వేవాడు.

చలి ముదిరాక అతను అరుగు దిగలేకపోయాడు. "అక్కడొక్కడూ ఎందుకు?" అని రత్తమ్మే మోయించి, ఆ మంచం నడిమధ్య పడుకోబెట్టింది. చుట్టూ అందరూ కూర్చున్నారు.

"నిజం చెప్పు పోలయ్యా," అంది రత్తమ్మ వంగి, మెల్లిగా. "గుమ్మం కొలవడం మరిచావా?"

పోలయ్య కళ్ళు మూసుకునే నవ్వాడు.

"మూడుసార్లు కొలిచానమ్మా."

రత్తమ్మకి కోపం రావాలి. రాలేదు. అతని మీద దుప్పటి సర్ది, "అదేంటే మంగా, నీ సొరకాయ సంగతి చెప్పు, మళ్ళీ చెప్పు," అంది. మంగమ్మ చెప్పింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే పోలయ్య పోయాడు. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలీదు. మాటలు ఆగుంటే లేచేవాడేమో. ఆగలేదు.

ఊడుగులపాలెంలో ఇప్పటికీ మంచు పడగానే మంచాలన్నీ లోపలికి పోతాయి, ఒక్కటి తప్ప. అది ఎవరి వాకిట్లో ఉంటే ఆ యేడు కుంపటి వాళ్ళది, దుంపలు అందరివీ. కబుర్ల మధ్య ఎవరైనా లేచి, "ఇక తలుపేసుకుంటా," అన్నారో, పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని లాగుతారు.

"పోలయ్య మంచం ఇంకా బయటే ఉంది. కూర్చోవయ్యా!"