గంభీరుడి మాట నిలిపిన సూదమ్మ

ఇప్పలకోన అడవి నడుమ ఒక మడుగు ఉండేది. దానికి ఎగువన దుప్పులు, అడవిదున్నలు, కుందేళ్ళు ఉండేవి. దిగువన ఎలుగుబంట్లు, నక్కలు, ముళ్ళపందులు ఉండేవి. ఎగువవాళ్ళు ఔనంటే దిగువవాళ్ళు కాదనేవారు.

అడవికి పెద్ద గంభీరుడనే ముసలి ఏనుగు. ఆయన మాటంటే మాత్రం రెండు వైపులా గురి. ఒక ఎండాకాలం ఆయన సొంత మనవడే వరస తప్పి మడుగులో దిగాడు. గంభీరుడు వాణ్ణి బయటికి పిలిచి, అందరికంటే చివర నిలబెట్టాడు.

"నా మనవడైనా సరే, వంతు వంతే" అన్నాడు.

ఆ ఏడు వానలు తగ్గాక గంభీరుడు కన్నుమూశాడు. అడవంతా ఏడ్చింది. ఎగువన ఉండే బలరాయుడనే దున్న అందరికంటే బిగ్గరగా ఏడ్చాడు. ఏనుగు పడుకునే బండమీద రోజూ పూలు పోయించాడు.

"గంభీరుడు మా ఎగువవాడు. ఆయన బాటలో నడిచేది నేనే!" అన్నాడు.

"కాదు, ఆయన మావాడు!" అని ఎలుగుబంట్లు మీదికొచ్చాయి.

ఎగువన తలలు ఎక్కువ. అందుకని బలరాయుడే పెద్ద అయ్యాడు.

ఎండలు ముదిరాయి. మడుగు సగానికి ఇంకిపోయింది. బలరాయుడు దిగువవాళ్ళను దరికి రానివ్వలేదు. ఎలుగు పిల్లలు నాలుకలు బయటపెట్టి రొప్పసాగాయి.

దిగువన ఉండే సూదమ్మ అనే ముసలి ముళ్ళపంది అతని దగ్గరికి వెళ్ళింది.

"రాయుడుగారూ, గంభీరుడు ఇలాగే చేసేవాడా?"

"రోజూ ఆయనకు పూలు పోయిస్తున్నాను కదా! ఇంకేం చెయ్యమంటావు?"

"పూలు ఆయన అడగలేదు. వంతు పాటించమన్నాడు."

బలరాయుడు రంకె వేసి తరిమాడు. అడ్డుచెప్పేవాళ్ళు లేక దున్నలన్నీ ఒక్కసారే మడుగులో దిగి పొర్లాయి. సాయంత్రానికి నీళ్ళు లేవు, బురదే మిగిలింది. ఎగువ దుప్పుల పిల్లలకు కూడా చుక్క దొరకలేదు.

అప్పుడు ఎగువ దుప్పి ఒకటి ముందుకొచ్చింది. "తప్పు మావాడిదే. సూదమ్మా, నువ్వే దారి చూపు" అంది.

సూదమ్మ మడుగు పక్కన ఎండిన వాగు ఇసుకలో చెలమ తవ్వడం మొదలుపెట్టింది. ఎలుగులూ గోళ్ళతో తవ్వాయి. చల్లని నీరు ఊరింది.

"మనం తవ్వాం, మనమే ముందు తాగుదాం. వాళ్ళు మన గొంతులు ఎండబెట్టలేదా?" అన్నాయి ఎలుగులు.

"ముందు పిల్లలు. ఏ వైపు పిల్లలైనా సరే" అంది సూదమ్మ. తన మనవలనూ వరసలోనే నిలబెట్టింది.

ఎలుగులు గొణిగాయి. కానీ పక్కకు జరిగాయి.

సూదమ్మ తప్ప అందరూ తాగాక బలరాయుడు తల వంచుకుని వచ్చాడు. ఒంటిమీద మడుగు బురద ఎండి అట్టకట్టింది. "నాకు అడిగే మొహం లేదు" అన్నాడు.

"అడగక్కర్లేదు. ఇది మీ వంతు, తాగండి" అంది సూదమ్మ. అతను తాగాకే తాను మూతి ముంచింది.

ఆ రోజునుంచి ఎగువా దిగువా కలిసి సూదమ్మనే పెద్దగా ఎంచుకున్నాయి.

నీతి: మహనీయుణ్ణి మావాడని చాటుకోవడం గౌరవం కాదు, తనవాళ్ళకూ పరాయివాళ్ళకూ ఒకే న్యాయం చేసినవాడే ఆయనకు నిజమైన వారసుడు.