మంచు తోసే తుప్పుబండి

మా స్వామివారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, అడిగినవాడి చేతిలో ఏదో ఒక పనిముట్టు పెడతారు. మోక్షం సంగతి అడిగినవాళ్లకు పార దొరికింది. మాయ గురించి అడిగినవాళ్లకు పేడ తట్ట దొరికింది. దేవుడున్నాడా అని అడిగిన ఒక పెద్దమనిషి చేతికి చేట వచ్చింది. ఆయన మూడు రోజులు కందిపప్పు ఏరి నాలుగో రోజు చెప్పాపెట్టకుండా కొండ దిగిపోయాడు. ఆ పప్పు వండింది నేనే గనక చెబుతున్నాను, రాళ్లు మాత్రం బాగా ఏరాడు.

నేను ఆశ్రమంలో వంటవాణ్ణి. పేరు పేర్రాజు, ఊరు ఆచంట, బరువు నూట రెండు కిలోలు. బరువు సంగతి ఊరికే చెప్పడం లేదు, ఈ కథలో దానికి పనుంది. మా ఆశ్రమం హిమాలయాల్లో ఒక కొండవాలు మీద ఉంది. పది గదులు, ఆరు ఆవులు, చుట్టూ యాపిల్ తోట. స్వామివారు పూర్వాశ్రమంలో తాడేపల్లిగూడెంలో లారీ మెకానిక్కు. కాషాయం కట్టి ముప్పయ్యేళ్లయినా, కింద రోడ్డు మీద బండి పోతుంటే జపం ఆపి దాని జబ్బేమిటో చెబుతారు. మన వైపు నుంచి వచ్చే భక్తులు ఆయన్ని నిరంజన స్వామి అంటారు, కొండవాళ్లు మిస్త్రీ బాబా అంటారు. రెండో పేరుకే ఆయన తొందరగా పలుకుతారు.

ఆ వేసవిలో ముకుందం వచ్చాడు. పాలకొల్లులో ప్రింటింగు ప్రెస్సు నడిపేవాడు. అన్నగారికి పక్షవాతం వచ్చాక ఆయన సంసారం కూడా ఇతని మీదే పడింది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అన్న, వదిన, వాళ్ల అబ్బాయి, అత్తగారు. వాళ్లెవరూ చెడ్డవాళ్లని అతను అనలేదు. అలిసిపోయాడు, అంతే. శివరాత్రికి ఇక్కడే కాషాయం పుచ్చుకుని, ఇక ఇంటికి వెళ్లకూడదని నిశ్చయం చేసుకుని వచ్చాడు. ఆ మాట భార్యకు ఉత్తరం కూడా రాసి, పోస్టు చేయకుండా సంచిలో పెట్టుకున్నాడు. వచ్చిన రోజే స్వామివారి పాదాల దగ్గర కూర్చుని అడిగాడు.

"స్వామీ, ఏడుగురు నా మెడకు వేలాడుతున్నారు. ఈ బరువు దించుకోకుండా పైకెక్కడం ఎలా?"

స్వామివారు అతని చేతులు చూశారు. గోళ్ల చుట్టూ ప్రెస్సు సిరా ఇంకా వదల్లేదు. లోపలికి వెళ్లి ఇరవైరెండో నంబరు స్పానరు తెచ్చి ఆ చేతిలో పెట్టి, గోశాల వెనక్కి చూపించారు.

అక్కడ ఒక పికప్ బండి పదకొండేళ్లుగా పడి ఉంది. దాన్ని బండి అనడం మర్యాదకే. డ్రైవరు కాళ్ల కింద రేకు తుప్పు పట్టి రాలిపోయి గడ్డి మొలిచింది. ఇంజను మీద కోడి పొదిగేది. ఆ కోడిగుడ్లు చంపాదేవివి గనక ఆవిణ్ణి అడగకుండా బానెట్టు ఎత్తడానికి లేదు.

చంపాదేవి మా పక్క తోట ఆవిడ. మా ఆవుల పాలు పితికేది ఆవిడే. మనిషి నవ్వితే కొండ అవతలికి వినబడుతుంది. రెండేళ్ల కిందట ఆవిడ మూత్రపిండాలు పాడైపోయి, వారానికి రెండుసార్లు కింద పట్నంలో రక్తం శుద్ధి చేయించుకోవలసి వచ్చింది. పెద్ద రోడ్డుకు మా దగ్గర్నుంచి రెండు కిలోమీటర్లు. ఆ రోడ్డు మీద మంచు ప్రభుత్వం వాళ్లు తోస్తారు గానీ తోటల్లోంచి పోయే మా మట్టిదారి ఎవరు తోస్తారు? కిందటి చలికాలం నలుగురు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీద మోశారు. ఒకసారి ఒకడు జారాడు, కుర్చీ ఒరిగింది, ఆవిడ మంచులో పడింది. ఆ రోజు ఆవిడ నవ్వలేదు. స్వామివారు అప్పుడే అనుకున్నారట, వచ్చే చలికాలానికి ఆ తుప్పుబండి మంచు తోయాలని.

ఇక చూడాలి ముకుందం పని. పట్టేసిన ఇంజనులో డీజిలు పోసి పదిరోజులు నానబెట్టారు. పదకొండో రోజు స్పానరుకు పొడుగాటి గొట్టం తొడిగి గురుశిష్యులిద్దరూ తిప్పితే లోపల ఎక్కడో కటుక్కుమని కదిలింది. ముకుందం నా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, కదిలింది పేర్రాజుగారూ, కదిలింది అని నా చేతిలో గరిటె లాక్కుని ఊపాడు. మీదంతా సాంబారే. ఆ తరవాత అతనికి తిండి ధ్యాస లేదు, ధ్యానం ధ్యాస అంతకన్నా లేదు. తుప్పు గోకాడు, కుళ్లిన రేకు కోసి కొత్త రేకు అతికాడు. పాత నీళ్లట్యాంకును నిలువునా కోస్తే వంపు తిరిగిన పెద్ద రేకు వచ్చింది, దాన్ని బండి ముందు బిగించాడు. అడుగున నేలను గీరే అంచుకు లారీ కమాను పట్టీలు వేశాడు. రేకును ఎత్తి దించడానికి చేత్తో తిప్పే గొలుసు పెట్టారు. ఇంజను మొదటిసారి మోగిన రోజు కోడి ఎగిరి చెట్టెక్కింది, చంపాదేవి చప్పట్లు కొట్టింది, నేను పరమాన్నం వండాను.

కార్తీకం దాటాక ఒకనాడు ముకుందం పట్నం వెళ్లినప్పుడు స్వామివారు ఆ బండి వెనక తొట్టిలో ఏవేవో వేయించారు. ఆరు ఇసుక బస్తాలు, విరిగిన తిరగలి రాయి, ఒక పాత గేరుబాక్సు. మీద టార్పాలిన్ కప్పి కట్టేశారు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చేతికి ఏమొస్తుందో అని నా భయం.

మన వాళ్ల సంగతి మీకు తెలుసు. పూజ లేకుండా బండి కదలదు, పూజంటే బండి అద్దంలా ఉండాలి. దసరాకు మన లారీవాళ్లు తొట్టి ఊడ్చి కడిగి గాని బొట్టు పెట్టరు కదా. ముకుందం కూడా, ఇవాళో రేపో మంచు పడుతుందనగా, వేడినీళ్లు కాచి బండి కడగబోయాడు. టార్పాలిన్ తీసి చూస్తే తుక్కు. ఎవరో తెలియనివాళ్లు పడేశారనుకున్నాడు. పైగా ముసలి ఇంజను, దాని మీద ఇంత భారం ఎందుకని, ఇసుకా రాయీ ఇనుమూ అన్నీ లోయలోకి దొర్లించాడు. తొట్టి కడిగి, తుడిచి, పసుపురాసి, టార్పాలిన్ మళ్లీ నీటుగా కట్టాడు. మంచి పనే చేశాననుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం మొదలైన మంచు మూడు రోజులు ఆగలేదు. చంపాదేవి మంగళవారం వెళ్లలేకపోయింది. మరునాటికి కాళ్లు ఉబ్బాయి, మాటకు ఆయాసం వచ్చింది. రెండో వాయిదా కూడా తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరు ఫోనులో చెప్పాడు. శుక్రవారం పొద్దున పది దాకా ఆస్పత్రి జీపు పెద్ద రోడ్డు మీద ఆగుతుంది. ముందు బండితో దారి తోసి, తిరిగొచ్చి ఆవిణ్ణి తీసుకెళ్లాలని ఏర్పాటు.

శుక్రవారం తెల్లవారేసరికి మబ్బు విడిచింది. మోకాలి లోతు మంచు మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. ఆ చలిలోనూ మాకెవరికీ కాలు నిలవలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ నేను కొట్టాను. కాయ పగిలింది గానీ చుక్క నీరు రాలేదు, తెల్లటి మంచు గుండు ఒకటి దొర్లింది. అపశకునమని నేను చెంపలేసుకున్నాను. స్వామివారు ఆ గుండు తీసి నోట్లో వేసుకుని, తియ్యగా ఉందోయ్ అన్నారు. ముకుందం బండి కదిలిస్తే నిమ్మకాయలు చితకలేదు, గోలీల్లా ఎగిరి నా కాలికి తగిలాయి.

అయినా బండి బయలుదేరింది. రేకు ముందు మంచు అలలా లేచి పక్కకు పడుతుంటే మేమంతా వెనక పరుగు. మొదటి కిలోమీటరు వాలు గనక హాయిగా దిగింది. అక్కణ్ణుంచి చిన్న ఎదురెక్కుడుంది. ఎక్కుడు సగంలో వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఆగిపోయింది. ముకుందం ఇంకా తొక్కాడు. మంచులో జారకుండా చక్రాలకు గొలుసులు చుట్టే ఉన్నాయి, అవి మంచును గీరి పోస్తున్నాయి తప్ప బండి జానెడు ముందుకు పోలేదు. వెనక్కి తీసి మళ్లీ వచ్చాడు, మళ్లీ జారింది. మూడోసారి బండి అడ్డం తిరిగి తోట కంచెకు ఆనుకుంది. అప్పటికి తొమ్మిదిన్నర. వెనక చూస్తే చంపాదేవి మొగుడు జియాలాల్, ఇద్దరు కొడుకులు ఆవిణ్ణి కుర్చీలో మోసుకుని మేము తోసిన దారినే వచ్చేస్తున్నారు, ఇంట్లో కూర్చుని ఎదురుచూడలేక. ముకుందం స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆరు నెలల కష్టం ఎక్కుడు దగ్గర ఆగిపోయిందని కాదు, ఆవిడ ముఖం చూడలేక.

ముకుందం పక్క సీట్లో ఉన్న స్వామివారు దిగి వెనక్కి వెళ్లి టార్పాలిన్ ఎత్తారు. ఖాళీ తొట్టి. పసుపు రాసి ఉంది. బరువులేవని అడిగితే, లోయలో పారేశానని ముకుందం చెప్పాడు, తేలిగ్గా ఉంటుందని అనుకున్నాడట. స్వామివారు తిట్టలేదు. నవ్వు ఆపుకున్నారు, నేను చూశాను.

"ఎక్కండి అందరూ" అన్నారు.

ఉన్న బండే కదలడం లేదు, ఇంతమందిని ఎక్కిస్తే ఎలాగని ముకుందం గోల పెట్టాడు. అతని మాట ఎవరూ వినలేదు. ముందు నేను ఎక్కాను. బండి వెనక కమానులు మూలిగి కిందికి దిగాయి. పుట్టి బుద్ధెరిగాక నా లావు ఒకరికి పనికిరావడం అదే మొదలు, నాకు కళ్లంట నీళ్లొచ్చాయంటే నమ్మండి. జియాలాల్, కొడుకులిద్దరు, ఆశ్రమంలో ఉండే నిడదవోలు అక్కచెల్లెళ్లిద్దరు, చివర స్వామివారు ఎక్కారు. చంపాదేవిని ముందు సీట్లో కూర్చోబెట్టబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ఆయాసపడుతూనే తన భాషలో అన్న మాట మన భాషలో చెబుతున్నాను.

"పోయినేడు నలుగురి భుజాల మీద బరువయ్యాను. ఇవాళ బండే బరువు కావాలంటుంటే నేను ముందు కూర్చోనా?"

రగ్గులు చుట్టి ఆవిణ్ణి సరిగ్గా వెనక ఇరుసు మీద, నాకూ జియాలాల్‌కీ మధ్య కూర్చోబెట్టాం. ముకుందం బండిని వెనక్కి తీసి దారికి తిప్పుకుని గేరు వేశాడు. ఈసారి చక్రం తిరిగింది, గొలుసు మంచులోంచి కింద మట్టిదాకా దిగింది, పట్టింది. బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకుని ఎక్కడం మొదలెట్టింది. రేకు ముందు మంచు ఎత్తు పెరుగుతోంది, ఇంజను ఘీంకరిస్తోంది, మేము ఎనిమిది మందిమి ఒకరి మీద ఒకరు పడుతూ ఎవరికి వచ్చిన దేవుణ్ణి వాళ్లు పిలుస్తున్నాం. ఎక్కుడు మీదికి రాగానే కింద నల్లగా పెద్ద రోడ్డు, దాని మీద జీపు కనబడ్డాయి. అప్పుడు నవ్వింది చంపాదేవి. ఆ నవ్వు విని జీపు డ్రైవరు ఎక్కబోతున్నవాడు ఆగి పైకి చూశాడు.

ఆవిడతో మొగుడూ కొడుకులూ జీపులో వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది, ఆవిడ బాగుందనీ, కోడికి గింజలు వేయమందనీ.

కానీ నేను చెప్పదలచింది అంతకుముందు సంగతి. జీపు మలుపు తిరిగాక మేము మళ్లీ పైకి వెళ్లాలి. తొట్టిలో సగంమందిమే మిగిలాం. ఎవరూ చెప్పకుండానే ముకుందం రోడ్డు పక్క మంచు తవ్వి, రాళ్లు తీసి ఒక్కొక్కటే మోసుకొచ్చి తొట్టిలో పేర్చసాగాడు. చేతులు ఎర్రబడి వాచాయి, ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. అన్నిట్లోకీ పెద్ద రాయి ఎత్తి పొట్టకు ఆనించుకుని వస్తుండగా, స్వామివారు తొట్టి అంచు మీద కూర్చుని తాపీగా అడిగారు.

"నీ ఇంట్లో ఎంతమంది అన్నావోయ్?"