సింగారమ్మకు దక్కిన ఈతకొలను

అడవి అంచున మనుషులు వదిలేసిపోయిన రిసార్టులో ఒక ఈతకొలను ఉంది. వాగు ఎండిపోయిన ఆ వేసవిలో అడవికి పెద్దయిన ఏనుగు దాన్ని గేదె సింగారమ్మకు అప్పగించాడు. పాపం, నిండు చూలాలు. నీళ్ళలో మునగకపోతే ఒళ్ళు పగిలిపోయే జాతి. షరతు ఒక్కటే: పది రోజుల్లో నీళ్ళు తేటపడి కొలను అడుగు కనబడాలి. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

ఆ ఇంకొకరు తనే కావాలని నక్క గుర్నాథం ఆశ. అందుకే పిలవకుండానే సలహాలు చెప్పడానికి వచ్చి కూర్చున్నాడు.

"నీళ్ళు పచ్చబడ్డాయి మరిదీ!"

"మనుషులు నీళ్ళు శుభ్రం చేయడానికి వాడి వదిలేసిన తెల్లపొడి ఉందిగా, అది కలుపు వదినా. నాచు చస్తుంది."

సింగారమ్మ పొడి కలిపింది. మర్నాడు అలవాటు ప్రకారం పక్కనే గొట్టం నీళ్ళు కారే గుంటలో పొర్లి, ఒంటినిండా బురద పట్టించుకుని కొలనులో దిగింది. గేదెలు చేసే పనే అది, తప్పని ఆమెకు ఎవరు చెప్పారు గనక! సాయంత్రానికి నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి.

"పొడి వేశాను కదా మరిదీ?"

"మోటారు వేశావా? నీళ్ళు తిరిగితేనే కదా మురికి వడకట్టేది!"

మోటారు వేసింది. బురదతో దిగింది. మళ్ళీ అదే రంగు.

"గోడలు రుద్దావా? ఆకులు తీశావా?"

"ముందు పొడి అన్నావు, తర్వాత మోటారన్నావు, ఇప్పుడు ఆకులంటున్నావు. ఏది ముందో ఏది వెనకో తెలియక నా బుర్ర తిరిగిపోతోంది."

"పెద్ద శాస్త్రంలే వదినా, నీకు అంతుపట్టదు" అని గుర్నాథం మీసాల్లో నవ్వుకున్నాడు.

ఏడో రోజు సింగారమ్మకు ఏడుపొచ్చేసింది. ఈ నీళ్ళు పోతే తనేం కావాలి, కడుపులో బిడ్డేం కావాలి? నక్క ఓదార్చబోయాడు. ఆ అభిమానానికి ఆమె కరిగిపోయి, బురద మెడతో అతణ్ణి ఒక్కసారి రాసుకుంది.

"ఛీ ఛీ! ముందు ఆ బురద కడుక్కుని రా! నా బొచ్చంతా పాడుచేశావు!"

సింగారమ్మ కళ్ళు తుడుచుకుని నక్క కేసి చూసింది, కొలను కేసి చూసింది.

"ఒక్క రాపిడికే నువ్వింత మురికైతే, రోజూ నేను మునిగే నీళ్ళ సంగతేంటి మరిదీ?"

"అబ్బే, నీళ్ళ సంగతి వేరు వదినా..."

ఆమె ఇంక అతణ్ణి ఏమీ అడగలేదు. గొట్టం కింద నిలబడి ఒళ్ళంతా కడుక్కుంది. ఆకులు తీసి, గోడలు రుద్ది, ఎండ తగ్గాక కొలత ప్రకారం పొడి కలిపి మోటారు వేసింది. ఒళ్ళు మండిపోతున్నా గొట్టం నీళ్ళతోనే సరిపెట్టుకుని, మూడు రోజులు కొలనులో కాలు పెట్టలేదు.

పదో రోజు గుర్నాథం ఏనుగు పెద్దను వెంటబెట్టుకుని హుషారుగా వచ్చాడు. అడుగున పరిచిన నీలిరాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి.

"ఇవన్నీ మరిదే నేర్పాడండీ. బురద కడుక్కోమన్నదీ ఆయనే!" అంది సింగారమ్మ.

"ఇంత తెలిసినవాణ్ణి ఖాళీగా ఉంచకూడదు" అన్నాడు ఏనుగు పెద్ద. "గుర్నాథం, ఇవాళ్టి నుంచి ఇక్కడ ఆకులు తీసే పని నీదే."

మురికి ఎక్కణ్ణుంచి వస్తోందో చూడనంతకాలం ఎన్ని మందులు పోసినా నీళ్ళు తేరవు.