నాలుగో మంచం మీద మాస్టారు

ప్రశ్న వేసినవాడికి అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ పరంధామయ్యగారికి లేదు. ముప్పై ఏళ్ళు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి, ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో పెద్దాసుపత్రి అత్యవసర విభాగాన్ని చూస్తున్నారు. ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఎవరేం అడిగినా కళ్ళజోడు తీసి తుడుచుకుని "చూద్దాం నాయనా" అంటారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయాక ఎప్పుడో జవాబు వస్తుంది. అది చాలాసార్లు మాటల్లో రాదు.

ఆ వేసవిలో ఆయన్ని అలా అడిగినవాడు డాక్టర్ హేమసుందర్. చదివిన ప్రతి తరగతిలోనూ మొదటివాడు, రెండో స్థానం ఎలా ఉంటుందో ఎరగనివాడు. అతని చేత ఆ ప్రశ్న వేయించినది జ్ఞానం మీది కోరిక కాదు, అసూయ. దానికి మర్యాదగా వేరే పేరు పెట్టి లాభం లేదు.

సంగతేమిటంటే, ఆ ఏడు మాస్టారు ఒక కొత్త పద్ధతి పెట్టారు. అత్యవసర విభాగానికి కాలు విరిగి వచ్చినా, కడుపునొప్పితో వచ్చినా, తక్కిన రక్త పరీక్షలతో పాటు హెచ్‌ఐవి పరీక్ష కూడా చేస్తామని ప్రతి ఒక్కరికీ చెప్పాలి. వద్దంటే మానెయ్యాలి, వైద్యం మాత్రం ఆగకూడదు. హాల్లో ఎనిమిది మంచాలు. మొదటి నాలుగు మంచాల దగ్గర అడిగే పని హేమసుందర్‌ది, తక్కిన నాలుగూ నర్సు సువార్తవి. నెల తిరిగేసరికి సువార్త అడిగిన పదిమందిలో తొమ్మిదిమంది సరేనన్నారు. హేమసుందర్ అడిగినవాళ్ళలో సగం మంది కూడా ఒప్పుకోలేదు. జిల్లాలోని మిగతా ఆసుపత్రుల వాళ్ళకి ఈ అడగడమెలాగో నేర్పడానికి వేసవి ముగిసేలోగా మాస్టారు ఒకరి పేరు రాసి పంపాలి. ఆ పేరు తనదేనని హేమసుందర్ ఇంట్లో ముందే చెప్పేసుకున్నాడు.

అతను అడిగితే రోగులకి ఎక్కడలేని ఉక్రోషం వచ్చేది. చీరల కొట్టు గుమాస్తా ఒకాయన, మా ఆవిడ బయటే కూర్చుంది, ఆ మాట ఆమె చెవిన పడితే నా కాపురం ఏమైపోతుందని చేతులు పట్టుకున్నాడు. ఒక లారీ డ్రైవరైతే, పగిలిన నుదుటికి కుట్లు సగంలో ఉండగానే లేచి కూర్చున్నాడు. "నేనెట్టాంటోడిలా కనబడుతున్నాను సార్ మీకు?" అని అడిగి, గాయానికి గుడ్డ అదుముకుంటూ వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అటువైపు సువార్త దగ్గర మాత్రం, ఎట్టాగూ సూది గుచ్చుతున్నావు కదా, అదీ చూసెయ్ తల్లీ అనేవాళ్ళు. ఆ 'తల్లీ' వినబడినప్పుడల్లా హేమసుందర్‌, తను చదివినదాంట్లో పావు వంతు కూడా చదవలేదు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు, ఆమెకేమిటి ఈ తల్లీ, చెల్లీ అని లోలోపల ఉడికిపోయేవాడు.

ఆమె రోగులకి చెప్పకుండానే రక్తం తీసేస్తోందేమోనని అనుమానించాడు. నిజం చెప్పాలంటే, అలా అయితే బాగుండునని ఆశపడ్డాడు. ఒక మధ్యాహ్నం మందుల బీరువా చాటున నిలబడి చెవులు రిక్కించాడు. ఆమె అన్నది ఇంతే: "రక్తం తీస్తున్నానండీ. షుగరుతో పాటు హెచ్‌ఐవి కూడా చూస్తాం. ఇక్కడికొచ్చే అందరికీ చేస్తాం. వద్దంటే చెప్పండి, మానేస్తాను." ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఒక ముసలామె వద్దంటే, సరేనమ్మా అని రాసుకుని, ఆమె అడిగిన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి పక్క మంచానికి వెళ్ళింది. హేమసుందర్ ఆ నాలుగు వాక్యాలూ పొల్లుపోకుండా బట్టీ పట్టాడు. మర్నాటి నుంచి అవే మాటలు, అదే వరస. అయినా అతని మంచాల మీద తలలు అడ్డంగానే ఊగాయి.

తన తీరులో అతనికి ఏ లోపమూ కనబడలేదు. తెర లాగేవాడు, గొంతు తగ్గించేవాడు. ఎవరిని అడగాలో, ఎవరిని అడిగితే బాగుండదో చూడగానే తేల్చుకునేవాడు. బ్యాంకు మేనేజరునీ, రిటైరైన హెడ్మిస్ట్రెస్‌నీ, గుళ్ళో పూజారిగారినీ అలాంటి మాటలతో ఇబ్బంది పెట్టకూడదన్నది అతని సంస్కారం. వాళ్ళ కాగితాల మీద ఆ పరీక్ష గడి ఖాళీగా వదిలేసేవాడు. ఇంత జాగ్రత్తపరుడికి ఇంత అన్యాయం జరుగుతుంటే ఊరుకోలేక ఒకరోజు మాస్టారి గదిలోకి వెళ్ళాడు.

"మాటలు అవే మాస్టారూ. ఆవిడ చెబితే చెయ్యి చాపుతారు, నేను చెబితే మొహం తిప్పుకుంటారు. ఆవిడలో ఉన్నదేమిటి, నాలో లేనిదేమిటి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, చూద్దాం నాయనా అన్నారు. ఈ ముసలాయన కూడా ఆమె వైపే అనుకుంటూ హేమసుందర్ బయటికి వచ్చాడు.

పది రోజుల తరవాత, ఉదయం పదకొండింటికి, ఆసుపత్రి గేటు దగ్గర కంకర మీద మాస్టారి స్కూటరు జారింది. ఎడమ మోచేయి చీరుకుపోయింది, కళ్ళు తిరిగాయి. ఇద్దరు పట్టుకుని లోపలికి తెచ్చారు. సువార్త వైపు రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఆయన వాటిని చూసి కూడా వచ్చి నాలుగో మంచం మీద పడుకున్నారు. హేమసుందర్ ఆనందం చెప్పనలవి కాదు. గురువుగారి దెబ్బకి బాధపడాల్సిన శిష్యుడు, సువార్త చూసిందో లేదోనని ముందు అటు తిరిగి చూశాడు.

అతను ఆ రోజు చేసినంత చక్కటి వైద్యం ఎవరూ చేయలేరు. గాయం కడిగాడు, మూడు కుట్లు వేశాడు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చాడు. కళ్ళు తిరిగాయన్నారు కనక బీపీ చూశాడు, వేలు గుచ్చి షుగరు చూశాడు. మాస్టారు లేవలేదు. అన్నీ అయ్యాయా అని ఒకసారి అడిగారు, అయ్యాయన్నాడు. కాసేపటికి మళ్ళీ అడిగారు. అయ్యాయి మాస్టారూ, మీరు విశ్రాంతి తీసుకోండి అని దిండు సర్ది, మూడో మంచం వైపు తిరిగాడు.

ఆ మంచం మీద టైల్సు పరిచే మేస్త్రి చినవీరయ్య అరచెయ్యి కోసుకుని కూర్చున్నాడు. పక్క మంచం మీద జరుగుతున్నదంతా మొదటి నుంచీ చూస్తున్నాడు. హేమసుందర్ గొంతు తగ్గించి బట్టీ పట్టిన మాటలు ఒప్పజెప్పాడు. ఇక్కడికొచ్చే అందరికీ చేస్తాం అన్నచోట చినవీరయ్య చూపు నాలుగో మంచం మీదికి పోయింది, మళ్ళీ డాక్టరు మొహం మీదికి వచ్చింది. "నాకొద్దులే సార్" అన్నాడు.

మాస్టారు మోచేతి మీద ఆనుకోబోయి, నొప్పికి ఆగి, అమ్మా సువార్తా, ఒకసారి ఇటు రా అని పిలిచారు. ఆమె వచ్చింది. కాగితం చూసింది, ఖాళీ గడి చూసింది. ఆయన తన పై అధికారి అన్న బెదురు గానీ, పెద్దాయనన్న మొహమాటం గానీ లేకుండా, పొద్దున్న తన మంచం మీదికొచ్చిన ఆటో వాడితో ఎలా అందో అలాగే, "రక్తం తీస్తాను మాస్టారూ. హెచ్‌ఐవి కూడా చూస్తాం. ఇక్కడికొచ్చే అందరికీ చేస్తాం. వద్దంటే మానేస్తాను" అంది. మాస్టారు, చెయ్యమ్మా అని కుడిచెయ్యి చాపారు. ఆమె రక్తం తీసి దూది అద్ది తిరిగేసరికి, చినవీరయ్య చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉన్నాడు. నాక్కూడా చూడమ్మా అన్నాడు. తన మంచాల దగ్గర, తన రోగి, తన గురువు ఎదుట ఆమెకి చెయ్యి చాపడం చూసి హేమసుందర్ చెవుల దాకా మండిపోయాడు. ఆమె చేతిలోని రక్తం సీసా లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు కనక అది ఎవరికీ తెలియదు.

నాలుగు రోజుల తరవాత మాస్టారు పంపిన ఉత్తరంలో సువార్త పేరు ఉంది. హేమసుందర్ తలుపు తట్టకుండా ఆయన గదిలోకి వెళ్ళాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇంట్లో వాళ్ళకి ఏమని చెప్పుకోవాలన్నాడు. నా తప్పేదో నాకు చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది కదా అన్నాడు.

"అంతమంది ముందు ఆమెని పిలిచారు మాస్టారూ."

మాస్టారు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు.

"పిలవకముందు అరగంట సేపు నీ మంచం మీదే పడుకుని ఉన్నాను నాయనా" అన్నారు.